కోటకు పని మారింది, గోడలు మారలేదు

మా క్యాంపుకు ఊరి నుంచి కొత్త పిల్లలు వస్తే మేం మొదటి సెలవు రోజున అల్ బుస్తాన్‌లోని పాత కోటకు తీసుకపోతాం. ఇప్పుడది అజ్మాన్ మ్యూజియం. రోజూ కాంక్రీటు పోయించే మాకు అక్కడ నేర్చుకునేది చాలా ఉంది.

కోట కట్టింది 18వ శతాబ్దం చివర్లో. ఈ తీరంలో అప్పటి కట్టుబడి అంటే సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, జిప్సం, మట్టి. పైకప్పుకు ఖర్జూరపు మొద్దులు, తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడ కర్రలు. 1920ల మొదట్లో బ్రిటిష్ యుద్ధ ఓడలు దీని మీద ఫిరంగులు పేల్చాయి. దెబ్బ తిన్నది బాగు చేసుకున్నారు కానీ వదిలేయలేదు. 1970 దాకా అజ్మాన్ పాలకులు ఉన్నది ఇందులోనే. తర్వాత పోలీస్ స్టేషన్ అయింది, ఆ తర్వాత మ్యూజియం. ఒకటే కోట, మూడు పనులు.

కోట మీద బర్జీల్ ఉంటుంది, అంటే గాలి బురుజు. నాలుగు దిక్కులా తెరిచి ఉంటుంది, లోపల ఇంటూ గుర్తులాగా అడ్డుగోడలు. ఏ దిక్కు నుంచి గాలి కొట్టినా కిందికి దిగుతుంది, గదిలోని వేడి గాలి అవతలి వైపు నుంచి పైకి పోతుంది. గోడలు మందం, రాయి నిండా సన్నటి బొక్కలు. అందుకే బయటి వేడి లోపలికి రావడానికి చాలాసేపు పడుతుంది. కరెంటు లేని రోజుల్లో ఈ ఎండను తట్టుకున్నది అట్లనే.

ఈ ఎండ ఎంతదో మాకు తెలుసు. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్, అది ఇక్కడి చట్టం. ఆ ఎండకు మన సిమెంటు కూడా తోడవుతున్నది. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తేనే సిమెంటు. బొగ్గు పొగ ఒకటే కాదు, రాయిలోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచం మొత్తం వదిలే దాంట్లో వందకు ఏడెనిమిది పాళ్లు సిమెంటుదే. పాత గోడను ఉంచుకుంటే అంత సిమెంటు కాల్చే పని ఉండదు.

మన దగ్గర కూడా ఈ తెలివి ఉంది. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ అయింది. కానీ ఊళ్లలో మేం చేసింది వేరు. గల్ఫ్ పైసలు రాంగనే గూన పెంకల ఇల్లు కూలగొట్టినం. మూరెడు మందం మట్టి గోడలు, టేకు దూలాలు, నడుమ వాకిలి, అన్నీ పోయినయి. స్లాబ్ ఇల్లు లేకుంటే సంబంధాలు రావని భయం. ఇప్పుడు మే నెలలో అమ్మ ఫోన్ చేసి, స్లాబ్ కింద పండలేకపోతున్నం బిడ్డా, ఏసీ పెట్టియ్యి అంటుంది. ఏసీ పెట్టిస్తే ఆ కరెంటు బిల్లుకు ఇక్కడ ఇంకో ఏడాది ఉండాలె.

కాబట్టి తమ్ముళ్లూ, ఇంకా పాత ఇల్లు నిలబడి ఉన్నోళ్లు జేసీబీని పిలిచే ముందు ముసలి మేస్త్రీని పిలవండి. పెంకలు తిప్పేయించండి, చెదలు పట్టిన వాసాలు మార్పించండి, బాత్రూం, వంటగది పక్కన కొత్తగా కట్టుకోండి. కోటను పోలీస్ స్టేషన్ చేసుకున్నప్పుడు, తాతల ఇంటిని మన ఇల్లుగా ఉంచుకోలేమా?