పళ్లెం కింద చింతపండు

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా సంతకు వెళ్తే నేను చేసే మొదటి పని, కాటా పళ్లెం తిరగేసి చూడటం. సరుకు వేసే పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంటే ఆ మేరకు కొనేవాడికి తరుగే. ఇనప రాళ్ల సంగతి వేరు. రాయి అడుగున గుంటలో సీసం పోసి, తూకం సరిచేసి, ఆ సీసం మీద శాఖ ముద్ర కొడతారు. రాత్రికి రాత్రి సీసం తోడేసి లక్క నింపే ఘనులుండేవారు. కిరోసిన్ అమ్మేవాడికి ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ఎత్తు నుంచి పోస్తే నురగే సగం కొలత.

ఇవేమీ కొత్త విద్యలు కావు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తూనికలు చూడటానికి పౌతవాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి, లేదంటే జరిమానా. మా శాఖ కన్నా ఆయనే గట్టివాడు. మేం ఏడాదికో రెండేళ్లకో గానీ అడిగేవాళ్లం కాదు.

మన వైపు అసలు చిక్కు కొలతల గందరగోళం. మద్రాసు లెక్కన శేరంటే 24 తులాలు, ఐదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. రైల్వే లెక్కలో మాత్రం శేరు 80 తులాలు. ధాన్యానికి నాలుగు మానికల కుంచం. రైతు దగ్గర కొనేటప్పుడు కుంచాన్ని గోపురంలా నింపించుకుని, అమ్మేటప్పుడు తలకొట్టి కొలిచే షావుకార్లను గురించి మా పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పేవారు. దళారులైతే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. సరుకు తనదే అయినా ఆ ధరేమిటో పక్కనే నిలబడ్డ రైతుకు తెలిసేది కాదు. ఈ తంతు మీద నియంత్రణ ఉన్న మార్కెట్లు కావాలని లిన్‌లిత్‌గో అధ్యక్షతన వ్యవసాయ కమిషన్ 1928లో సిఫారసు చేసింది. హైదరాబాదు సంస్థానంలో 1930లో, మద్రాసు రాష్ట్రంలో 1933లో మార్కెట్ చట్టాలు వచ్చాయి. 1956 చట్టంతో దేశమంతటికీ ఒకే తూకమన్నారు. 1958 అక్టోబరులో కిలోరాళ్లు దిగాయి. వీశెకు అలవాటు పడ్డ చెయ్యి కిలోకు రావడానికి మాత్రం మరో తరం పట్టింది.

ఇన్ని చట్టాల్లోనూ నాకు కనిపించిన లోటు ఒకటే. దొంగతూకానికి పాత శిక్షాస్మృతిలో 264 నుంచి 267 దాకా సెక్షన్లుండేవి, ఏడాది దాకా జైలుండేది. మేం కేసు రాస్తే వ్యాపారి రుసుము కట్టి రాజీ చేసుకునేవాడు. ఆ డబ్బు ఖజానాకు పోయేది. కిలోకు వంద గ్రాములు తక్కువ కందిపప్పు పట్టుకెళ్లిన ఆవిడ చేతికి ఏమొచ్చేది? నష్టపరిహారం కావాలంటే కోర్టు ఫీజు కట్టి సివిల్ కోర్టుకెక్కాలి. పప్పు కోసం ఎవరెక్కుతారు!

1986 వినియోగదారుల రక్షణ చట్టం ఆ లోటు పూడ్చింది. మోసపోయినవాడే ఫిర్యాదీ, పరిహారం అతనికే. మొదట్లో జిల్లా ఫోరం లక్ష రూపాయల దాకానే వినేది. ఇళ్లు, స్థలాలు ఇచ్చే ప్రభుత్వ సంస్థల సేవలూ ఈ చట్టం కిందికే వస్తాయని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తేల్చింది. 1995లో డబ్బు తీసుకునే వైద్యాన్నీ చేర్చింది. డాక్టర్లు నొచ్చుకున్నారు. కిరాణా కొట్టువాడికున్న బాధ్యత వాళ్లకెందుకు ఉండకూడదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడున్నది 2019 చట్టం. వస్తువుకో సేవకో మీరిచ్చిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం మీ ఇష్టం. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే ఊళ్లోనే వేయొచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్ల కాలంలో ఇదే పెద్ద ఊరట. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి, బిల్లు ఉండాలి. బిల్లు వద్దంటే పది రూపాయలు తగ్గిస్తానన్న కొట్టువాడు ఆ పదికి మీ కేసునే కొంటున్నాడు.

అన్నట్టు, పెట్రోలు బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండి తీరాలి. అనుమానం వస్తే కొలిచి చూపించమనండి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే మా శాఖకు చెప్పండి, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.