రాబందు లేని పొలిమేర



రాబందు ఇంటికప్పుపై వాలినచో అరిష్టమనియు, ఆ యిల్లు కొన్నాళ్ళు విడిచి యుండవలెననియు మనవారు నమ్ముచు వచ్చిరి. జటాయువు కథ విని కంట తడిపెట్టినవారును మనవారే. ఒకే పక్షిని ఒకచోట అశుభమని వెలివేసి, వేరొకచోట పూజ్యమని తలచితిమి. కాని అది ఊరికి చేయుచుండిన మేలెట్టిదో, అది కానరాకుండ పోయిన పిదప గాని తెలిసిరాలేదు. ఆ చరిత్రమే నేటి ప్రసంగ విషయము.

ప్రకృతిలో ఏ జీవియు ఒంటరిగా బ్రతుకదు. నేలసారమును, ఎండను గ్రహించి గడ్డి పెరుగును. ఆ గడ్డిని పశువు మేయును. పశువు చచ్చిన పిదప దాని దేహము మట్టిలో కలిసి, మరల గడ్డికి ఎరువగును. ఈ చక్రము నిలిచిపోకుండ త్రిప్పువానిలో రాబందు ముఖ్యమైనది. పూర్వము ఊరిలో గొడ్డు చచ్చినచో ఊరవతలి బీటికి ఈడ్చుచుండిరి. తోలు ఒలుచువారు తోలు తీసికొనగా, మాంసము రాబందుల పాలగుచుండెను. మిక్కిలి యెత్తున తిరుగు పక్షులలో ఒకటి దిగినచో, దానిని చూచి దూరమున నున్నవియు దిగును. కొద్ది గంటలలో ఎముకలు మాత్రమే మిగులును. వానిని ఏరి యమ్ముకొని బ్రతుకువారును ఉండిరి. రాబందు కడుపులోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. కుళ్ళిన మాంసములోని రోగక్రిములు పెక్కు లందు నశించును. కూలి లేకయే ఊరిని శుభ్రపరచిన పక్షి యిది.

1980 ప్రాంతమున మనదేశమున రాబందులు కోట్లకొలది యుండెనని శాస్త్రజ్ఞుల యంచనా. రాజస్థానమునందలి భరత్‌పురము చెంత కేవలదేవ్ పక్షివనము కలదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ 1987–88లో అచ్చట తెల్లవీపు రాబందుల గూళ్ళు 353 లెక్కించెను. పదేండ్లలో అవి సగమునకంటె తక్కువయ్యెను. తరువాత కొలది కాలమునకే ఒక్క గూడును లేకపోయెను. పక్షులు మెడలు వ్రేలవేసి కొమ్మలపై కూర్చుండి, నేలకు రాలి చచ్చుచుండెను. దేశమంతట ఇదియే తీరు. 1992లో తెల్లవీపు రాబందులు వేయి యున్నచోట 2007 నాటికి ఒక్కటి మాత్రమే మిగిలెనని గణనలు తెలిపెను.

ఇది యేదో అంటురోగమని మొదట తలచిరి. పాకిస్తానపు పంజాబులో చచ్చిన పక్షులను లిండ్సే ఓక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కోసి పరీక్షించిరి. మూత్రపిండములు చెడి, లోపలి యవయవములపై తెల్లని పొడి పేరుకొని యుండెను. అసలు కారణము డైక్లోఫెనాక్ అను మందని 2004లో వారు ప్రకటించిరి. అది పశువుల నొప్పికిని, వాపునకును ఇచ్చు చౌకమందు. ఎద్దు కుంటినచో రైతు దయతోనే ఆ సూది వేయించుచుండెను. సూది వేసిన కొలది దినములలో పశువు చచ్చినచో, ఆ మాంసము తిన్న రాబందునకు అదియే విషమయ్యెను. ఎద్దునకు మేలు చేసిన మందు, ఎద్దు శవమును ఎత్తివేయు పక్షిని చంపెను.

ఏ కొన్ని పశువులకో వేసిన మందు కోట్ల పక్షుల నెట్లు చంపెనని మీరడుగవచ్చును. రాబందులు గుంపుగా తినును. ఒక్క శవములో విషమున్న చాలును, గుంపంతయు కూలును. నూరు శవములలో ఒక్కదానిలో విషమున్నను ఆ జాతి అంతరించుటకు చాలునని గణితముచే తేల్చిరి. పైగా రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. చావు త్వరగా వచ్చును, పుట్టుక మెల్లగా వచ్చును.

రాబందులు పోగా శవములు బీళ్ళలో కుళ్ళెను. ఆ మాంసముపై ఊరకుక్కలు పెరిగెను. కుక్కకాటు వలని వెర్రిరోగపు భయము హెచ్చెను. మురుగు నీటివనరులలో చేరెను. రాబందులు పూర్వము అధికముగా నుండిన జిల్లాలలో 2000 మొదలు 2005 వరకు సుమారు 5 లక్షల మంది అధికముగా మరణించిరని ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో లెక్కగట్టిరి. మృతదేహములను రాబందుల కర్పించు పార్సీల యాచారమునకును బొంబాయిలో విఘ్నము కలిగెను.

2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అను మందు గలదని ఆ యేటనే తేలెను. అయినను మనుష్యులకై అమ్ము పెద్ద సీసాలను పశువులకు వాడుచుండగా, 2015లో ఆ సీసాలను 3 మిల్లీలీటర్లకు తగ్గించిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను కూడ పశువులకు నిషేధించిరి. హర్యానాలోని పింజోరులోను, మన హైదరాబాదు జంతుప్రదర్శనశాలలోను రాబందుల పెంపకమునకు పూనుకొనిరి. ఆసిఫాబాదు ప్రాంతమున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడుట సంతోషకరమైన వార్త.

చట్టము ఢిల్లీలో పుట్టును. సూది మాత్రము పశువుల కొట్టములో పడును. కావున పెద్దలు చేయదగిన పని యున్నది. పశువునకు నొప్పిమందు వేయునపుడు దాని పేరడుగుడు. మెలోక్సికామ్ నే కోరుడు. పేరు తెలియని నొప్పిమందు వేసిన పశువు కొలది దినములలో చచ్చినచో, దానిని బీటిలో వేయక లోతుగా పూడ్పింపుడు. దొమ్మరోగమున చచ్చినదానిని సైతము తోలు ఒలువక పూడ్పింపుడు.

ఒక జీవికి చేసిన మేలుగాని కీడుగాని ఆ జీవితోనే ఆగదు. అది గడ్డిని, నీటిని, పక్షిని దాటి తుదకు మన గడపకే చేరును.