కుంకుడు నురగ నుంచి కుండ గుర్తు దాకా

మన చిన్నతనంలో ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల ఇళ్లలో తలకు కుంకుడుకాయ, బట్టలకు చౌడు, అంట్లకు బూడిద వాడిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. కుంకుడులోని సపోనిన్ అణువుకు ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకుంటుంది. సబ్బు చేసేదీ ఆ పనే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గిరిజనుల వద్ద ఈ కుంకుళ్లు, సీకాయలు కొనేది. ఏజెన్సీలో ఉద్యోగం చేసిన నాకు ఆ కాయల వెనకున్న శ్రమ తెలుసు.

1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. బోరునీటిలోని సున్నంతో కలిస్తే సబ్బు తెట్టు కడుతుంది. పౌడరుకు ఆ బాధ తక్కువ, అందుకే ఇంటింటా చేరింది. అయితే కొన్ని పౌడర్లలో కలిపే ఫాస్ఫేటు చెరువుకు చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లినప్పుడు చేపలకు ప్రాణవాయువు అందదు.

పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకులకు మట్టికుండ బొమ్మతో 'ఎకోమార్క్' ముద్రను కేంద్ర ప్రభుత్వం 1991లో ప్రవేశపెట్టింది. సబ్బులు, డిటర్జెంట్లూ ఆ పథకంలో ఉన్నాయి. కానీ ముద్ర తీసుకున్న కంపెనీలు బహు తక్కువ. 2024లో కొత్త నియమాలు వచ్చాయి.

'సహజం', 'హెర్బల్' అన్న మాటలు అట్టపై ఉన్నంత మాత్రాన సరుకు హాని లేనిదని కాదు. కుంకుడు రసం సైతం చేపలకు విషమే. కాకుంటే అది నీటిలో త్వరగా విరిగిపోతుంది. కనుక పేరును కాక, ఫాస్ఫేటు ఉందా, పరీక్షించిన ముద్ర ఉందా చూసి కొనవలసిందిగా నా మనవి. కొలతకు మించి వాడకుంటే చెరువుకూ, పెన్షనుకూ మేలు.