మైళ్ళ మీటరు

మా పెదనాన్న అంబాసిడర్ మీటరు 88417 దగ్గర ఆగిపోయింది. కిలోమీటర్లు కాదు, మైళ్ళు. 1964 నాటి మార్క్ 2 బండి అది. ఆ అంకె మా ఇంట్లో పిల్లలందరికీ నోటికొచ్చు. దాని వెనక ఒక కథ కూడా ఉండేది. 1977 ఉప్పెన తర్వాత పెదనాన్న బందరు నుంచి దివిసీమకి మందులూ మనుషుల్నీ చేరవేశాడనీ, ఆ గోతుల్లో తిరగడంలోనే మీటరు కేబులు తెగిపోయిందనీ, ఆ తర్వాత ఎవరెంత చెప్పినా దాన్ని బాగు చేయించడానికి ఆయన ఒప్పుకోలేదనీ. హైదరాబాదులో ఈ కథ నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళు కాసేపు ఏం మాట్లాడేవాళ్ళు కాదు. నిజం చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దం నాకు బావుండేది.

పెదనాన్న పోయాక బండి నా దగ్గరికొచ్చింది. ఇంజను బాగానే ఉంది. డాష్‌బోర్డు మాత్రం చచ్చిపోయింది. వేగం ముల్లు సున్నా మీద, పెట్రోలు ముల్లు దాని ఇష్టమొచ్చిన చోట. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తామని 2021లో కేంద్రం రూల్సు తెచ్చింది గానీ, అలా నమోదైన బండిని రోజువారీ తిప్పకూడదు. నాకు తిప్పాలని ఉంది. తిప్పాలంటే మీటర్లు పనిచెయ్యాలి. అందుకని గుడివాడలో పాత బళ్ళు చూసే ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"డిజిటల్ది పెట్టేద్దామా బాబూ? అరపూటలో అయిపోద్ది," అన్నారాయన.

వద్దన్నాను. డయలు అలాగే ఉండాలి, లోపల కొత్తది పెట్టండి, ఆ 88417 మాత్రం కదలకూడదు అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన విని, ఏమీ అనకుండా స్క్రూడ్రైవరు తీసుకున్నారు.

అంబాసిడర్ గురించి పరిచయం అక్కర్లేదనుకుంటాను. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని తీసుకుని హిందుస్తాన్ మోటర్స్ వాళ్ళు కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివర్లో తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 2014 మేలో ఆపేశారు. ఇంత కాలంలో ముందు గ్రిల్లు మారింది, ఇంజను మారింది, డాష్‌బోర్డు కూడా చాలాసార్లు మారింది. కానీ ఎక్కువ కాలం డ్రైవరుకి వేగం చెప్పిన యంత్రం మాత్రం ఒకటే, 1902లో స్ట్రాస్‌బర్గులో ఓటో షుల్జ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది.

దాన్ని విప్పితే నేను మొదటిసారి చూశాను. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద, దానికి తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు సుళ్ళు పుడతాయి, గిన్నె కూడా దాని వెంట తిరిగిపోదామని చూస్తుంది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి దాన్ని పోనివ్వదు. ఈ లాగులాటలో గిన్నె ఎంత ఒరిగితే ముల్లు అంత చూపిస్తుంది. అంటే వేగం ముల్లు చెప్పేది ఎప్పుడూ ఒక రాజీ. స్ప్రింగు సడలితే, అయస్కాంతం నీరసిస్తే, ఆ రాజీ కూడా మారిపోతుంది. కింద తిరిగే అంకెల చక్రాలు అలా కాదు. పళ్ళకి పళ్ళు పట్టి కేబులు ఎన్ని చుట్లు తిరిగితే అన్నీ లెక్కపెడతాయి. వేగం విషయంలో మీటరు సర్దుకుపోతుంది, దూరం విషయంలో సర్దుకోదు. కేబులు ఉన్నంతవరకే అనుకోండి.

డయలు మీద మైళ్ళు ఉండటం కూడా ఒక చిత్రమే. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయా పైసలొచ్చాయి. ఆ తర్వాత వీశెలు, మణుగులు పోయి కిలోలొచ్చాయి, రోడ్డు పక్క రాళ్ళ మీద మైళ్ళు చెరిపి కిలోమీటర్లు రాశారు. మా నాయనమ్మ మాత్రం దూరాన్ని చివరిదాకా కోసుల్లోనే చెప్పేది. అంటే ఒక ఇంట్లో నాయనమ్మ కోసుల్లో, బండి మైళ్ళలో, రోడ్డు కిలోమీటర్లలో. మనం ఇప్పటికీ ఎవరైనా ఏదైనా సాధిస్తే "మైలురాయి" అనే రాస్తున్నాం కదా, రోడ్ల మీద ఆ రాళ్ళు లేకపోయి దాదాపు అరవై ఏళ్ళవుతున్నా.

ఈ గొడవంతా పెదనాన్న ట్రిప్పు పుస్తకంలో ఉంది. ఆ బండి మొదట బందరులో ఒక డాక్టరు గారిది. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన కాలం, అందుకని సెకండ్ హ్యాండు బండికి కూడా గిరాకీయే. పెదనాన్న 1973లో దాన్ని కొని టాక్సీ చేశాడు. పొడుగాటి పద్దుల పుస్తకంలో తేదీ, ఊరు, మొదలు రీడింగు, ఆఖరు రీడింగు, కిరాయి అని గడులు గీసుకున్నాడు. కిరాయి కిలోమీటరు లెక్కన, మీటరేమో మైళ్ళలో. అందుకని ప్రతి ట్రిప్పు పక్కనా పెన్సిలుతో ఎనిమిది పెట్టి హెచ్చించి అయిదు పెట్టి భాగించిన లెక్క ఉంటుంది. మైలుకి 1.6 కిలోమీటర్లన్నమాట. అసలు లెక్క 1.609 చిల్లర. ఆ చిల్లర ఎప్పుడూ ప్యాసింజరుకే కలిసొచ్చేది. పెదనాన్నకి ఆ సంగతి తెలుసో లేదో.

మేస్త్రి గారు ముందుగా చూసింది మీటరు కాదు, బ్యాటరీ. అప్పటి ఇంగ్లీషు బళ్ళలో బ్యాటరీ పాజిటివ్ తీగని బాడీకి కలిపేవారు. ఆ సంగతి చూసుకోకుండా ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. మా బండికి ఎప్పుడో డైనమో తీసేసి ఆల్టర్నేటరు వేయించినప్పుడే తీగలు తిప్పేశారని తేలింది. డాష్‌బోర్డు కింద ఒక ఆంపియర్ మీటరు కూడా బయటపడింది. కంపెనీది కాదు, ఎవరో రేకు వంచి బిగించింది. బ్యాటరీకి కరెంటు ఎక్కుతోందా, దిగుతోందా అని చూసుకోవడానికి. అంటే పాత బండికి కొత్త మీటరు పెట్టాలన్న ఆలోచన నాకంటే ముందే పెదనాన్నకి వచ్చింది. నేను "ఒరిజినల్" అనుకుంటూ కాపాడుతున్న డాష్‌బోర్డు అప్పటికే ఒకసారి అప్‌గ్రేడ్ అయిందే.

పెట్రోలు ముల్లు కథ వేరు. ట్యాంకులో ఒక తేలే బుడ్డి, దాని చేతికి ఒక తీగచుట్ట. పెట్రోలు దిగితే చెయ్యి దిగుతుంది, తీగలో అడ్డు మారుతుంది, ముల్లు కదులుతుంది. కరెంటు తిరిగి వెళ్ళాల్సింది బండి రేకు గుండానే. సముద్రపు గాలికి బందరులో రేకు ఎంత తొందరగా తుప్పు పడుతుందో చెప్పక్కర్లేదు. తుప్పు పట్టిన చోట కరెంటు ఆగుతుంది, ముల్లు అబద్ధం ఆడుతుంది. "ఈ పక్క బళ్ళలో పెట్రోలు ముల్లుని నమ్మినోడు పామర్రు దాకా కూడా పోడు," అన్నారు మేస్త్రి గారు. పెదనాన్న కూడా నమ్మేవాడు కాదు. వెనక బంపరు పట్టుకుని బండిని రెండుసార్లు ఊపి, ట్యాంకులో చప్పుడు వినేవాడు. నాకది ఆటలా ఉండేది.

మధ్యాహ్నానికి మేస్త్రి గారు నన్ను పిలిచారు. మీటరు వెనక కేబులు చివర చూపించారు.

"మీరు తెగిందన్నారు. ఇది తెగలేదండి."

తెగలేదు. నట్టు ఊడదీసి, కేబులు కొసకి గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, మళ్ళీ ఎప్పుడైనా పెట్టుకోడానికి వీలుగా పక్కకి కట్టి ఉంది. తెలిసిన చెయ్యి శ్రద్ధగా చేసిన పని.

ఆ రాత్రి బందరులో ట్రిప్పు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా దాన్ని అక్కడక్కడా తిరగేశానే గానీ ఎప్పుడూ వరసగా చదవలేదు. 88417 అన్న రీడింగు 1977లో లేదు. 1981 మార్చిలో ఉంది, పుస్తకంలో ఆఖరు పద్దుగా. 1977 నవంబరు నాటికి మీటరు ఇంకా యాభై రెండు వేల దగ్గరే ఉంది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన కథ అబద్ధం.

కానీ 1977 నవంబరు పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ నెల 19న, శనివారం, తుఫాను తీరం దాటింది. దివిసీమ మీదికి సముద్రం గోడలా లేచి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళు దెబ్బతిన్న తీరు ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే 10,000కి దగ్గర. తంతి, టెలిఫోను తీగలు తెగిపోయి జరిగిందేమిటో బయటి ఊళ్ళకి తెలియడానికే సమయం పట్టింది. బందరుకి ఇలాంటిది కొత్త కాదు, 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలా 30,000 మంది పోయారంటారు.

పెదనాన్న పుస్తకంలో వీటి గురించి ఒక్క ముక్క లేదు. నవంబరు 19, 20, 21 ఖాళీ. 22న "అవనిగడ్డ" అని ఉంది. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అక్విడక్టు దాటి పులిగడ్డలో దిగితే అవనిగడ్డ సుమారు 22 మైళ్ళు. మిగతా నెలల్లో పుస్తకం అదే చూపిస్తుంది. ఆ రోజు మాత్రం వెళ్ళడానికి 43 మైళ్ళు. మరో రెండు ట్రిప్పులు కూడా అంతే. మ్యాపు తీసి చూశాను. బందరు నుంచి పామర్రు దాకా పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి చల్లపల్లికి దిగి, అవనిగడ్డ చేరితే ఇంచుమించు అంతే వస్తుంది. దగ్గరి దారి మూసుకుపోయి ఉంటుంది. చెట్లో, నీళ్ళో, ఆయన రాయలేదు. డిసెంబరు మొదటి వారానికి మళ్ళీ 22 అయింది. దారి ఎప్పుడు తెరుచుకుందో మీటరుకి తెలుసు.

మొత్తం పదకొండు ట్రిప్పులు, రానూపోనూ 610 మైళ్ళు. పక్కన పెన్సిలు లెక్క లేదు. కిరాయి గడి పదకొండు వరసల్లోనూ ఖాళీ.

పొద్దున పెద్దమ్మని అడిగాను. ఆవిడ పూలు కోస్తోంది.

"మీటరా? తెగడమేంటిరా, తనే ఊడదీశాడు. ఎవడో బేరానికొస్తానన్నాడు. తక్కువ తిరిగినట్టు కనపడితే రెండొందలు ఎక్కువొస్తాయని. ఆ బేరగాడు రానేలేదు. ఈయనా మళ్ళీ పెట్టలేదు."

"మరి దివిసీమ వెళ్ళినప్పుడు డబ్బులు తీసుకోలేదా పెద్దమ్మా?"

"ఎవర్ని అడుగుతాడు?" అంది. మళ్ళీ పూలు కోసుకోవడంలో పడింది. తెగిన కేబులు కథ ఎవరు మొదలుపెట్టారని కూడా అడిగాను. గుర్తు లేదంది. నేనేనేమో అని నాకు అనుమానం.

గుడివాడ తిరిగొచ్చి మేస్త్రి గారికి ఇదంతా చెప్పాను. ఆయనకి మొదటి కథ కంటే రెండోదే నచ్చినట్టుంది. "టాక్సీ మనిషన్నాక మీటరు ఊడదియ్యకుండా ఉంటాడా," అని నవ్వారు. ఇక ఆ చక్రాల్ని కదలనివ్వకుండా దాచుకోవాలన్న పట్టుదల నాలో పోయింది. డయలూ ముల్లూ పాతవే ఉంచారు. వెనక గిన్నె, అయస్కాంతం తీసేసి చిన్న మోటారు పెట్టారు. కేబులు బదులు గేరుబాక్సు దగ్గర సెన్సారు. అంకెల చక్రాల కిటికీ వెనక చిన్న తెర. డయలు చుట్టూ ఉన్న క్రోము పట్టీ పెచ్చులూడిపోతే చిలకలపూడి తీసుకెళ్ళాను, గిల్టు నగల ఊరు కదా అని. క్రోము తమ పని కాదన్నారు, నికెలు పూత వేసిచ్చారు. కొంచెం పసుపుపచ్చగా మెరుస్తోంది, నాకు నచ్చింది. ట్యాంకులో ఫ్లోటు మార్చి, దానికి బాడీని నమ్ముకోకుండా విడిగా ఎర్త్ తీగ లాగారు. ఆంపియర్ మీటరు తియ్యనివ్వలేదు. ఆల్టర్నేటరు కరెంటుకి ఆ సన్న తీగలు ఆగవు, మంటలొస్తాయన్నారు మేస్త్రి గారు. చివరికి తీగలు కోసేసి, మీటరు ఉత్త బొమ్మగా ఉంచడానికి ఒప్పందం కుదిరింది. పక్కన చిన్న వోల్టు మీటరు పెట్టారు.

ఆఖర్న కొత్త తెరలో మొదలు అంకె వెయ్యాలి. అది కిలోమీటర్లలోనే లెక్కపెడుతుంది. మేస్త్రి గారి కుర్రాడు ఫోనులో చూసి 142293 అన్నాడు. నేను కాగితం మీద ఎనిమిది పెట్టి హెచ్చించి అయిదు పెట్టి భాగించాను. 141467 వెయ్యమన్నాను.

"ఎనిమిదొందల చిల్లర తేడా వస్తంది సార్," అన్నాడు కుర్రాడు.

1981 తర్వాత ఆ బండి కేబులు లేకుండా ఎన్ని ఏళ్ళు తిరిగిందో లెక్కలో ఎలాగూ లేదు. పర్లేదు, వెయ్యమన్నాను.

వెలుతురుండగానే బందరు బయల్దేరదామని తాళం తిప్పాను. పెట్రోలు ముల్లు మెల్లగా లేచి సగం దగ్గర నిలబడింది. మేస్త్రి గారు కిటికీలోంచి తొంగి చూసి తలూపారు. వెనక్కి వెళ్ళి, బంపరు పట్టుకుని బండిని రెండుసార్లు ఊపి, చెవి పెట్టి విన్నారు.

"సగం లేదు బాబూ. దార్లో పోయించుకోండి," అన్నారు.