కోరంగి రేవు నుంచి తాడువాయి కాలనీ దాకా

గోదావరి జిల్లాల చరిత్ర అనగానే 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, కాలువలు, వరిచేలు గుర్తొస్తాయి. ఆ కాలంలోనే కోరంగి, కాకినాడ రేవుల్లో రంగూన్ ఓడ ఎక్కినవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తురారు. బర్మాలో మన కూలీలందరికీ ఒకటే పేరు, కోరంగీలు. 1930 మేలో తెలుగు కూలీలు రంగూన్ రేవులో సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్లు తిరిగి పనిలోకి దిగగానే అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ సైన్యానికి భయపడి కాలినడకన, ఓడల్లో వచ్చిపడ్డవాళ్లు ఇక్కడ కాందిశీకులయ్యారు. అక్కడా పరాయివాళ్లే, ఇక్కడా పరాయివాళ్లే. రెండుసార్లు వేర్లు తెగిన ఆ మనుషుల మనసు ఏమైందో ఏ రికార్డూ రాయలేదు.

రాసినచోట తప్పుగా రాశారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువాళ్లు కూడా ఫిజీ చెరకుతోటలకు వెళ్లారు. ఆ కూలి లైన్లలో ఆత్మహత్యలు విపరీతం. ఆడవాళ్ల విషయంలో మగవాళ్ల అసూయే కారణమని దొరలు తేల్చేశారు. చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 1985లో ఆ మాటను తోసిపుచ్చాడు. అయినవాళ్లు, కులకట్టు, ఊరి పెద్దరికం, అన్నీ ఒక్కసారిగా పోవడమే అసలు గాయమని చూపించాడు. నా మట్టుకు వలస గురించి ఇంతకంటే సూటైన మాట కనిపించలేదు.

ఇక మన గోదావరి మెట్ట ప్రాంతం సంగతి. జంగారెడ్డిగూడెం పొగాకు వేలంకేంద్రంతో, సంతతో పెరిగిన ఊరు. బయటినుంచి డబ్బుతో, పలుకుబడితో వచ్చినవాళ్లు ఇట్టే స్థానికులైపోతారు, వాళ్లను వలసదారులని ఎవరూ అనరు. పక్కనే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ఏజెన్సీలో కోయల భూములు చేతులు మారడం, ఆ బదిలీలను ఆపాల్సిన 1/70 చట్టం వచ్చినా ఆ తగువులు తెగకపోవడం ఈ కథకు రెండోవైపు. కలుపుకుపోవడమన్నది ఎప్పుడూ ఎదురుగా ఉన్నవాడి జేబు చూసే జరిగింది.

పోలవరం ప్రాజెక్టు వలసను మన గుమ్మంలోకి తెచ్చింది. ఆ ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన మండలాల్లో కుక్కునూరు, వేలేరుపాడు ఉన్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ మండలాల్లోని ఊళ్లు మునిగాయి. అంతకుముందే కొన్ని, ఆ తర్వాత మరికొన్ని నిర్వాసిత కుటుంబాలు జంగారెడ్డిగూడెం మండలంలోని తాడువాయి కాలనీకీ, జీలుగుమిల్లి వైపు కాలనీలకూ చేరాయి. పాత ఊళ్లలో ఏటి చేప, పోడు జొన్న, వెదురు, చింతపండు ఉండేవి. ఇక్కడ ఉప్పు నుంచి కట్టెల దాకా కొనాలి. వేట, పోడు తెలిసిన ముసలాయనకు ఇక్కడ ఆ పని లేదు, కాబట్టి ఆయన మాటకు విలువా లేదు. ఊరివాళ్లేమో “ప్యాకేజీ డబ్బులొచ్చాయిగా, ఇంకేం?” అంటారు. నిద్ర పట్టకపోవడం, సారా, ఇంట్లో గొడవలు డబ్బు చేసిన చేటుగా కనిపిస్తాయి గానీ దుఃఖంగా కనిపించవు. ఇది మన ఒక్కచోటి సంగతి కాదు. అమెరికాలో బోస్టన్ నగరం వెస్ట్ ఎండ్ పేటను కూల్చేశాక, ఖాళీ చేసి వెళ్లినవాళ్లను మనస్తత్వవేత్త మార్క్ ఫ్రీడ్ పరిశీలించి 1963లో రాశాడు. వాళ్లలో చాలామంది చావింటి దుఃఖం లాంటిదే పడుతున్నారని తేలింది. వాళ్లు పోగొట్టుకున్నది గోడలను కాదు, వీధిని.

చిత్రమేమంటే 2013 భూసేకరణ చట్టానికి ఈ సంగతి సగం తెలుసు. ప్రతి యాభై కుటుంబాలకూ రచ్చబండ లాంటి చెట్టుకింది అరుగు ఉండాలంది, శ్మశానం ఉండాలంది, గిరిజనులను వీలైనంతవరకు షెడ్యూల్డ్ ప్రాంతంలోనే, విడదీయకుండా ఒక్కచోట ఉంచాలంది. మనోవైద్యం మాట మాత్రం ఆ జాబితాలో లేదు. ఆచరణలో అరుగు కంటే సిమెంటు రోడ్డే ముందు పడుతుంది, ఎందుకంటే బిల్లు దానికి వస్తుంది.

ముంపు జాబితాలో ఇంకా ఊళ్లున్నాయి. ఆ ఊళ్లవాళ్లను తరలించే అధికారులారా, ఇళ్లు కేటాయించేటప్పుడు పాత వీధిని కొత్త వీధిలో అలాగే దించండి. కాలనీకి దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి నెలకోసారైనా మనోవైద్యుణ్ణి పంపండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను రేషన్ షాపు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.