కంపవాతము - ఎముకల బలము

లండను నగరమందలి హాక్స్‌టన్ ప్రాంతమున వైద్యము చేయుచుండిన జేమ్సు పార్కిన్సన్ 1817వ సంవత్సరమున కంపవాతమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు ఆరుగురు రోగుల స్థితి వర్ణింపబడినది. చేతులు వణకుట, నడుము ముందుకు వంగుట, నడక పరుగుగా మారుట, తుదకు పడిపోవుట - ఇవి ఆయన గుర్తించిన లక్షణములు. తరువాత షార్కో అను ఫ్రెంచి వైద్యుడు ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరే పెట్టెను.

రోగులు పడిపోవుదురని తొలి గ్రంథమే చెప్పినను, వైద్యుల దృష్టి చిరకాలము వణుకు మీదను, కండరముల బిగువు మీదను నిలిచెను. మెదడులో డోపమిన్ అను పదార్థము తగ్గుటయే ఇందుకు మూలమని 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1967లో అమెరికాలో కొట్జియాస్ డోపా మందును నోటి ద్వారా ఎక్కువ మోతాదులలో ఇచ్చి మంచి ఫలితములు చూపెను. కదలలేనివారు లేచి నడచిరి. కాని వ్యాధి ముదిరిన పిదప తూలి పడుటను ఈ మందు అంతగా ఆపజాలదు.

పడినపుడు ఎముక నిలుచునా, విరుగునా? ఎముకల సాంద్రతను ఎక్స్‌కిరణములతో కొలుచు యంత్రములు 1980 తరువాతి దశాబ్దములలో వ్యాపించిన పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము లభించెను. ఈ రోగుల ఎముకలు తోటి వయసువారి ఎముకలకంటె పలుచనివి. విరుగు అవకాశము సుమారు రెండింతలు. ఇందుకు కారణము లేమి? బరువు మోసిన కొలది ఎముక గట్టిపడును. కదలిక తగ్గిన కొలది క్షీణించును. ఇల్లు కదలనివారికి ఎండ తగలక విటమిన్ డి కొరవడును. శరీరపు బరువును తగ్గును. పైగా పడునపుడు చేయి చప్పున ముందుకు చాపలేరు గనుక దెబ్బ తుంటికే తగులును.

మందులతో తుంటి విరుపులు ఎంతో తగ్గినవని జపానుకు చెందిన ఒక పరిశోధకుడు అనేక వ్యాసములు ప్రకటించెను. వైద్యులు వానిని నమ్మిరి. కాని 2016లో న్యూజీలండు, స్కాట్లండు పరిశోధకులు ఆ బృందపు 33 ప్రయోగముల అంకెలను గణితరీత్యా పరీక్షించి, అవి విశ్వసనీయములు కావని తేల్చిరి. పెక్కు వ్యాసములు ఉపసంహరింపబడినవి. ఈ రోగుల విషయమున ఆధారము మరల సేకరింపవలసి వచ్చెను.

ఎముకల సాంద్రతను పరీక్షించుట, తగిన వ్యాయామము, కాల్షియము, విటమిన్ డి, ఇంటిలో జారుడు నేల లేకుండ చూచుకొనుట - ఇవి నేడు వైద్యులు చెప్పు జాగ్రత్తలు. అవసరమైనచో ఎముకలకు మందు నిత్తురు. వణుకు కంటికి కనిపించును. ఎముక క్షీణత విరిగినదాక కనిపించదు. అందుచేతనే దానిని ముందుగా కొలిచి చూడవలెను.