నడివీథిలో ఎత్తిన చేయి

నాలుగు దారుల కూడలిలో పోలీసు చేయి యెత్తి మన బండిని ఆపుమన్నప్పుడు మనస్సునకు కలుగు భావమును ఏమని చెప్పవలెను? కాగితములన్నియు సంచిలోనే ఉన్నవి. దీపము వెలుగుచునే ఉన్నది. వేగము మితము మించలేదు. అయినను గుండె ఒక్కసారి జల్లుమనును. ఆ రాత్రియే ఇంటిలో దొంగలు పడినచో మనము పరుగెత్తునది మరల ఆ మనిషి యొద్దకే. భయమును భరోసాయు ఒకే హృదయములో ఎట్లు కాపురము చేయుచున్నవో అని నేను పలుమారులు ఆలోచించితిని. ఇది కేవలము పిరికితనము కాదు. దీని వెనుక చాల పాత కథ కలదు.

పూర్వము మన పల్లెలకు తలారులు, కావలికాండ్రు ఉండిరి. వారికి మాన్యములును, కళ్లములో కొలిచి యిచ్చు మేరలును జీవనాధారము. ఊరిలో దొంగతనము జరిగినచో కావలివాడు అడుగుజాడ పట్టుకొని పొలిమేర వరకు పోవలెను. జాడ పొరుగూరిలో ప్రవేశించినచో ఆపై పూచీ ఆ యూరి కావలివానిది. సొమ్ము దొరకనిచో నష్టము వాడే భర్తీ చేయవలెనను కట్టుబాటు పలుచోట్ల ఉండెను. వినుటకు ముచ్చటగానే ఉన్నది. కాని కావలి రుసుము ఇయ్యని ఊరికి దొంగల బెడద తప్పెడిది కాదనియు, ఆ దొంగలును కావలికాండ్రును ఒక్కొక్కప్పుడు ఒక్కరే అనియు కూడ చరిత్ర చెప్పుచున్నది. కాపాడువానిని చూచి జంకుట మనకు తెల్లదొరలు నేర్పిన విద్య కాదు.

అయితే దొరలు దానికి చట్టరూపము నిచ్చిరి. మద్రాసు రాజధానిలో 1816లో వచ్చిన నిబంధనలవలన పోలీసు అధికారము కలెక్టరునకును, ఆయన క్రింద తహసీలుదారునకును, గ్రామాధికారికిని సంక్రమించెను. శిస్తు వసూలు చేయు చేయియు, దొంగను పట్టు చేయియు ఒక్కటే అయ్యెను. శిస్తు బకాయి పడిన రైతును ఎండలో నిలువబెట్టుట, తల కాలి బొటనవ్రేలికి తగులునట్లు వంచి త్రాటితో బిగించుట, వ్రేళ్లను కఱ్ఱల నడుమ పెట్టి నొక్కు కిట్టి, ఇవి కచేరీలలో మామూలు అయిపోయినవి. దొంగచేత నేరము ఒప్పించుటకును ఇవే సాధనములు.

ఈ సంగతి సముద్రము దాటి పోవుటకు ఒక తెలుగువాడు ముఖ్యకారకుడు. ఆయన గాజుల లక్ష్మీనర్సుసెట్టిగారు. 1844లో ‘క్రెసెంట్’ పత్రికను స్థాపించి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ నెలకొల్పిన వర్తకుడు. 1853లో ఇంగ్లండునుండి వచ్చిన డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుని వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పి, రైతుల గోడును ఆయన చెవిని వేసెను. మరుసటి సంవత్సరము ఆ విషయము పార్లమెంటులో చర్చకు వచ్చెను. ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో విచారణసంఘమును నియమింపక తప్పలేదు. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను ఆ ముగ్గురి యెదుటికి వచ్చిన ఫిర్యాదులు రెండువేలకు దగ్గరగా ఉండెను.

1855లో వెలువడిన వారి నివేదిక హింస నిజమేయని ఒప్పుకొనెను. కాని దోషమంతయు దేశీయులైన చిన్న యుద్యోగులదేయనియు, ప్రజలు దొరలను తప్పు పట్టుటలేదనియు తేల్చెను. ఇచ్చట నాకొక సందేహము. వసూలు కావలసిన మొత్తమును పైనుండి నిర్ణయించి పంపినవాడు, దానిని ఎట్లు రాబట్టిరని అడుగనివాడు, అంత నిర్దోషి యెట్లగును? నెపమునంతయు బంట్రోతు నెత్తిన వేయుట ఏ కచేరికైనను సులభమైన పనియే.

ఏమైనను ఫలితము కలిగెను. పోలీసును శిస్తు కొలువునుండి విడదీసి, 1859లో మద్రాసు రాజధానికి ప్రత్యేక చట్టము చేసిరి. 1861లో తక్కిన రాష్ట్రములకై అయిదవ చట్టము వచ్చెను. నేడు మనము చూచు పోలీసు వరుసక్రమమునకు పుట్టుక అదియే. ఆ 1861లోనే మరియొక విచిత్రము జరిగినది. అప్పుడే చేసిన నేరవిచారణ స్మృతిలో, పోలీసు యెదుట నిందితుడు నేరము ఒప్పుకొన్నను దానిని అతనికి ప్రతికూలమైన సాక్ష్యముగా వాడరాదని వ్రాసిరి. అనగా ఒక చేతితో లాఠీ ఇచ్చి, రెండవచేతితో ‘నీవు తెచ్చిన ఒప్పుకోలును మేము నమ్మము’ అని చెప్పిరన్నమాట! ఆ సూత్రము 1872 సాక్ష్యచట్టములో ఇరువదియైదవ సెక్షనుగా స్థిరపడెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టములోను అది చెక్కుచెదరలేదు. నూటయరువదియేండ్లు దాటినను ప్రభుత్వమే తన పోలీసును సగమే నమ్ముచుండగా, కూడలిలో నిలుచున్న మనము పూర్తిగా నమ్మలేదని మనలను తప్పు పట్టుట ఎందులకు?

1902లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన కూర్చున్న పోలీసు కమిషను కూడ ప్రజలు పోలీసులను లంచగొండులుగాను, పీడకులుగాను ఎంచుచున్నారని దాపరికము లేకుండ వ్రాసెను.

ఇంతమాత్రమున ఖాకీ యంతయు నలుపేయనుట అన్యాయము. హైదరాబాదు నగరమునకు 1920 నుండి 1934 వరకు కొత్వాలుగా ఉన్న రాజాబహదూర్ వెంకట్రామారెడ్డిగారిని తలచుకొనినచో నేటికిని ఎవరికిని భయము కలుగదు. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు నీడనిచ్చిన రెడ్డి హాస్టలు జ్ఞప్తికి వచ్చును. ఆయన పేర ఒక మహిళాకళాశాలయు, పోలీసులకు శిక్షణ నిచ్చు అకాడమీయు కలవు. ఒక కొత్వాలు పేర ఆడపిల్లలు చదువుకొనుట నాకు చాల ఇష్టమైన సంగతి.

ఇక రోడ్డు మాట. 1914లో మన దేశమునకంతకు మోటారుబండ్ల చట్టము వచ్చి, నడుపుటకు లైసెన్సును, బండికి రిజిస్ట్రేషనును తప్పనిసరి చేసెను. తరువాత 1939లో నొకటి, 1988లో మరొకటి. కాని సామాన్యునకు పోలీసు ఎదురుపడినది మోటారులో కాదు, సైకిలుమీద. మా తండ్రిగారు యౌవనములో ఒక చిన్న పట్టణమున రాత్రివేళ దీపము లేని సైకిలుపై వచ్చుచుండగా ఒక కానిస్టేబులు ఆపి, రెండు చక్రములకును గాలి తీసివేసెనట. తరువాత వీథిలో కుక్కలు హెచ్చుగా ఉన్నవని, లాఠీ ఆడించుచు ఇంటిగుమ్మము దాక తోడు వచ్చెనట. గాలి తీసినవాడును వాడే, తోడు వచ్చినవాడును వాడే. ఆ మనిషిని తిట్టవలెనో, మెచ్చుకొనవలెనో మా తండ్రిగారికి కడవరకు తేలలేదు.

ఇప్పటి చట్టము ప్రకారము లైసెన్సు చూపుమని అడుగు పోలీసు యూనిఫారములో ఉండవలెను. అది మనకు రక్షణ. త్రాగి నడుపువాని నెత్తురులో నూరు మిల్లీలీటర్లకు ముప్పది మిల్లీగ్రాముల మద్యము మించినచో నేరము. అదియు మనకు రక్షణయే, ఎదుటినుండి వచ్చువాడు త్రాగి ఉన్నప్పుడు. 2019 సెప్టెంబరునుండి జరిమానాలు పెరిగినవి. లైసెన్సు లేనివానికి అయిదువందలుగా ఉన్నది అయిదువేలాయెను. జరిమానా పెరిగినకొలది చేయి చాటున జరుగు బేరమునకును గిరాకి పెరుగునేమోయని అప్పుడు చాలమంది శంకించిరి.

దానికి విరుగుడుగా కెమెరా వచ్చెను. చలానా నేరుగా ఇంటికే చేరును. లంచమునకు తావు లేదు. బాకీలు ఎంతగా పేరుకొనెననగా, 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ద్విచక్రవాహనదారులు పాతబాకీలో నాలుగవవంతు కట్టిన చాలునని ప్రకటింపవలసి వచ్చెను. నాకును ఒక చలానా వచ్చినది. అందులో నా బండి, శిరస్త్రాణము లేని నా తల, సమయము నిమిషములతో సహా స్పష్టముగా ఉన్నవి. ఆనాడు మందులకై తొందరపడి బయలుదేరితిని. కానిస్టేబులు ఆపియుండినచో ఆ మాట చెప్పియుందును; అతడు వినియుండునో, కసరియుండునో తెలియదు. ఫోటోకు ఏమి చెప్పుదును? రుసుము చెల్లించి రసీదు తీసికొంటిని.